ప్రెయిరీ ఊళ్ల హాకీకి దక్కని చోటు

కెనడా ఐస్ హాకీ అనగానే అందరికీ డబ్బిచ్చి ఆడించే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, దాని విజేతకిచ్చే స్టాన్లీ కప్పే గుర్తొస్తాయి. కానీ 1960ల మొదటి దాకా ఒలింపిక్స్‌లో, ప్రపంచ పోటీల్లో ఆ దేశం పరువు నిలబెట్టింది పగలంతా ఏదో ఒక పని చేసుకుని రాత్రిపూట స్కేట్లు కట్టుకున్న సీనియర్ అమెచ్యూర్లు, అంటే ఆటకు జీతం తీసుకోనివాళ్లు. సీనియర్ అంటే జూనియర్ వయసు దాటినవాళ్లని, అంతే. వీళ్లలో ఎందరినో తయారుచేసిన ప్రెయిరీ (గడ్డిమైదానాల) రాష్ట్రాలు మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టాల ఊళ్లకు చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదని మా గట్టి అభిప్రాయం.

స్టాన్లీ కప్పు డబ్బిచ్చి ఆడించే జట్ల చేతికి పోతున్న రోజుల్లో, 1908లో మాంటేగ్యూ అలన్ అమెచ్యూర్ల కోసం ఇంకో కప్పు ఇచ్చారు. దాన్ని 1920లో గెలిచిన విన్నిపెగ్ ఫాల్కన్స్‌లో దాదాపు అందరూ ఐస్‌లాండ్ నుంచి వలసొచ్చినవాళ్ల పిల్లలే. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన జట్టులో ఇద్దరు తిరిగి రాలేదు, తిరిగొచ్చినవాళ్లనేమో సొంత నగరంలోని పెద్ద లీగ్ చేర్చుకోలేదు. బ్రాండన్, సెల్కిర్క్ జట్లతో వేరే లీగ్‌లో ఆడి, అలన్ కప్పు గెలిచి, ఆంట్‌వెర్ప్ వెళ్లి స్వీడన్‌ను 12-1తో చిత్తుచేసి ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. 1934లో సస్కటూన్ క్వేకర్స్ ప్రపంచ విజేతలయ్యారు. 1952లో ఓస్లోలో స్వర్ణం గెలిచిన ఎడ్మంటన్ మెర్క్యురీస్‌ను పోషించింది ఒక కార్ల డీలరు. ఆ తర్వాత పురుషుల హాకీలో కెనడాకు మళ్లీ ఒలింపిక్ స్వర్ణం రావడానికి 50 ఏళ్లు పట్టింది!

అమెచ్యూర్ అన్న మాట అన్నిచోట్లా అక్షరాలా నిజం కాదు. బాగా ఆడే కుర్రాడికి గనిలోనో గ్యారేజీలోనో ఉద్యోగం చూపించి ఊరికి రప్పించుకునేవాళ్లు. మేము దీన్ని తప్పుపట్టం, 1930ల కరువులో ఆ జీతంతోనే ఇల్లు గడిచినవాళ్లున్నారు. ఆల్బెర్టాలోని బొగ్గు ఊరు డ్రమ్‌హెల్లర్ జట్టులో 1938-39లో ఒకే ఇంటి అన్నదమ్ములు ఐదుగురు ఆడారు. సస్కాచెవాన్‌లోని డెలిల్ నుంచి వచ్చిన బెంట్లీలు వాళ్లు. వాళ్లలో డగ్, మ్యాక్స్ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద స్టార్లయ్యారు.

ఇక రింక్, అంటే ఆడే ఐస్ మైదానం సంగతి. మెషీన్లు లేని రోజుల్లో చలి బాగా ముదిరాక పైపుతో నీళ్లు చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొర వేసేవాళ్లు. ఆట మధ్యలో పారలతో మంచు గీకి, వేడినీళ్ల పీపాను లాక్కుంటూ వెనక తడిగుడ్డ ఈడ్చేవాళ్లు, ఆ వేడికి గీతలు కరిగి ఐస్ మళ్లీ నున్నగా పేరుకునేది. ఆల్బెర్టాలో చినూక్ వెచ్చగాలి తగిలిందంటే ఐస్ నీరుగారి మ్యాచ్ వాయిదా. ఈ చాకిరీ అంతా ఊరివాళ్లదే, క్యాంటీన్‌లో బర్గర్లు కాల్చడం దగ్గర్నుంచి.

తర్వాత తర్వాత ఈ ఊళ్ల లీగ్‌లు చిక్కిపోయాయి. ఆట మీద ప్రేమ తగ్గడం వల్లేనంటే మేము ఒప్పుకోం. 1952లో హాకీ టీవీలోకి వచ్చి శనివారం రాత్రి జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. రైలు బ్రాంచి లైన్లు ఎత్తేశారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ కమతాలది. సస్కాచెవాన్‌లో 1936లో లక్షా 42 వేలున్న వ్యవసాయ క్షేత్రాలు 2021 నాటికి 34 వేలకు పడిపోయాయి. మనుషులే లేకపోతే జట్టెక్కడిది? అయినా సస్కాచెవాన్‌లోని బీన్‌ఫేట్, ఆక్స్‌బో లాంటి ఊళ్లు సీనియర్ జట్లను నిలుపుకున్నాయి. ఆల్బెర్టాలో వెయ్యి మందికి కాస్త అటూఇటూ ఉండే బెంట్లీ అనే ఊరి జట్టు 2009లో, 2013లో అలన్ కప్పే గెలిచింది.

రాష్ట్ర ప్రభుత్వాలను మేము అడిగేవి రెండు. చిన్న ఊరి రింక్ కరెంటు బిల్లులో, మరమ్మతుల్లో వాటా భరించాలి. లీగ్ కార్యదర్శుల నోటుపుస్తకాలు, స్కోరు షీట్లు, ఊరి పత్రికల పాత సంచికలు సేకరించి స్కాన్ చేయించాలి. ఆడినవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు కాబట్టి రెండో పని ముందు మొదలవ్వాలి. కాల్గరీ, ఎడ్మంటన్, రెజైనాల్లో ఉన్న మన తెలుగువాళ్లు కూడా ఈ చలికాలం పిల్లలను తీసుకుని దగ్గర్లోని చిన్న ఊళ్లో ఒక సీనియర్ మ్యాచ్‌కు టికెట్ కొనండి.