"మోడ్రిచ్ ఉంటే ఎవరైనా ఫైనల్‌కి వెళ్తారు" అట!

2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో క్రొయేషియాని ఫైనల్‌కి తీసుకెళ్లిన కోచ్ జ్లాట్కో డాలిచ్ గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది: "ఊరూ పేరూ లేని కోచ్, మోడ్రిచ్ (జట్టు స్టార్ మిడ్‌ఫీల్డర్) పుణ్యాన నెట్టుకొచ్చాడు, మిగతాదంతా పెనాల్టీల లాటరీ." ఒక్కోటి చూద్దాం.

పేరు లేదా? యూరప్‌లో లేదు, నిజమే, ఎందుకంటే 2010 నుంచి ఆయన గల్ఫ్‌లో ఉన్నాడు. సౌదీలో అల్ ఫైసలీ క్లబ్‌తో మొదలుపెట్టి, అల్ హిలాల్ మీదుగా యూఏఈలోని అల్ ఐన్‌కి చేరి, అక్కడ లీగ్ గెలిపించి 2016లో ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. మన ఖండంలో ఆటని మనమే చూడకపోతే ఆయనేం చేస్తాడు?

ఇక మోడ్రిచ్ సంగతి. 2014 ప్రపంచకప్‌లోనూ మోడ్రిచ్, రాకిటిచ్, మాండ్జుకిచ్ ఉన్నారు కదా, గ్రూప్ కూడా దాటలేదేం? 2017 అక్టోబర్‌లో ఫిన్లాండ్‌తో 1-1 డ్రా అయ్యాక పాత కోచ్‌ని తీసేసి డాలిచ్‌ని పిలిచే నాటికి కీవ్‌లో ఉక్రెయిన్‌తో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌కి రెండు రోజులే ఉంది, ఓడితే ఇంటికే. 2-0తో గెలిచాడు. రష్యాలో జరిగిన 2018 ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో నైజీరియాపై గెలిచినా మోడ్రిచ్, రాకిటిచ్ ఇద్దరూ మైదానంలో డిఫెన్స్‌కి దగ్గరగా వెనకే ఉండిపోవాల్సి వచ్చింది. అర్జెంటీనా మ్యాచ్‌కి ఇంకో మిడ్‌ఫీల్డర్ బ్రొజోవిచ్‌ని వెనక పెట్టి వాళ్లిద్దర్నీ ముందుకి వదిలాడు. స్కోరు 3-0, చెరో గోల్ వాళ్లిద్దరిదే! ఇంకోటి, నైజీరియా మ్యాచ్ చివర్లో దిగమంటే నడుము నొప్పి అన్న కాలినిచ్‌ని ఏకంగా ఇంటికి పంపేసి, మిగిలిన 22 మందితోనే ఫైనల్ దాకా వెళ్లాడు. (స్ట్రైకర్‌ని ప్రపంచకప్ మధ్యలో పంపడం, నాకైతే గుండె ఆగిపోయేది.)

లాటరీ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. 2018 ప్రపంచకప్‌లో రెండు, 2022 ప్రపంచకప్‌లో రెండు షూటౌట్‌లు (మ్యాచ్ సమమైతే పెనాల్టీ కిక్‌లతో తేల్చేవి) గెలిచారు. కానీ 2022లో బ్రెజిల్‌తో షూటౌట్ దాకా ఎలా వచ్చారో గుర్తుందా? 117వ నిమిషంలో ఓర్షిచ్ పాస్, పెట్కోవిచ్ గోల్, 1-1. ఇద్దరూ డాలిచ్ బెంచ్ మీంచి దింపిన వాళ్లే. అప్పటికి రాకిటిచ్ లేడు, మాండ్జుకిచ్ లేడు, 2018 గోల్‌కీపర్ సుబాషిచ్ కూడా లేడు, అయినా మూడో స్థానం తెచ్చుకున్నారు.

తిట్టాలంటే 2024 యూరో (యూరప్ దేశాల చాంపియన్‌షిప్) ఉంది, అక్కడ తిట్టండి, నేనూ కలుస్తా. అల్బేనియాతో 95వ నిమిషంలో, ఇటలీతో 98వ నిమిషంలో గోల్స్ ఇచ్చుకుని గ్రూప్‌లోనే ఇంటికొచ్చారు.