మహారాజశ్రీ సైలెన్సర్ గారికి

మా సందు చివరింటి బండికి వేలాడుతున్న మహారాజశ్రీ సైలెన్సర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మా ఎడమ చెవి కుశలంగా లేదు. నిన్న రాత్రి పదకొండున్నరకి తమరు సందులోకి వేంచేసినప్పటి నుంచీ ఒకటే గుయ్‌మంటోంది. రాత్రి పది దాటితే ఇళ్ల మధ్య మోత 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి నిబంధనలు. బాల్కనీలోంచి ఫోన్‌లో కొలిస్తే 94 చూపించింది. ఫోన్ కొలత కదా, అటూ ఇటూ ఉండొచ్చు.

బండితో వచ్చిన కంపెనీ సైలెన్సర్ పొట్టలో గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజన్ అరుపు వాటిలో కొట్టుకుని సగం చచ్చి బయటికొస్తుంది. అది ఆ చివరింటి అబ్బాయికి నచ్చలేదు, దాన్ని పీకేసి తమరిని బిగించుకున్నాడు. తమతో పాటు డీబీ కిల్లర్ అనే చిన్న ముక్క వచ్చింది. మోత తగ్గించేది అదొక్కటే. మొదటిరోజే ఊడదీశాడు. చెకింగ్ ఉందని తెలిస్తే మాత్రం పెడతాడు, హెల్మెట్ లాగే.

సిగ్నల్ దగ్గర తాళం ఆపి, తిప్పి, ఠాప్‌మనిపించడం ఇంకో ముచ్చట. కాలని పెట్రోలు వేడి గొట్టంలో పేలుతుందన్నమాట. లీటరు నూరు దాటాక కూడా దానితో టపాకాయలు కాల్చే దాతలున్నారు!

"ఎనభైకీ తొంభైకీ తేడా పదేగా అంకుల్" అన్నాడు. మార్కులైతే పదే. డెసిబెల్స్‌లో పది పెరిగితే శబ్దశక్తి పదింతలు. 85 దగ్గర చెవి రోజుకి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతూ, నూరు దగ్గర పావుగంటే మిగులుతుంది. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. నెత్తిమీద జుట్టు రాలితే నూనెలు అమ్మేవాళ్లయినా ఉన్నారు, ఇవి పోతే మళ్లీ మొలవవు.

మొన్న వాళ్లమ్మ అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారికి "ఆఁ?" అన్నాడు. తమకు సైలెన్సర్ అని పేరు పెట్టినవాడు తెలివితక్కువవాడేం కాదు.

నేనూ మందుల షాపులో ఇయర్‌ప్లగ్స్ కొన్నాను. తమరు వినబడలేదు. పొద్దున్నే పాలవాడి బెల్లూ వినబడలేదు, కాఫీ పోయింది.

అన్నట్టు, విశాఖలో తమ బంధువుల్ని పోలీసులు రోడ్డు మీద పరిచి రోలర్ ఎక్కించారు. ఆ వీడియో మూడుసార్లు చూశాను. సంతాపంగానే.

జవాబు రాయనక్కర్లేదు. రాత్రికి ఎలాగూ వినిపిస్తారుగా.

ఇట్లు,
రెండో అంతస్తు ఎడమ చెవి తరఫున
కుడి చెవి