నార్మల్ అంటే ఎంజీ అని పిల్లలకు ఎవరు చెప్పారు?

అమీర్‌పేట కోచింగ్ పిల్లల గ్రూపుల్లో ఇప్పుడే ఒక ఫిజిక్స్ షార్ట్‌కట్ కాగితం తిరుగుతోంది. రెండో లైన్లోనే ‘నార్మల్ = ఎంజీ, ఘర్షణ = మ్యూ ఎంజీ’ అని ఎర్ర గడి గీసి మరీ పెట్టారు. నార్మల్ అంటే ఆనుకున్న తలం వస్తువును లంబంగా నెట్టే బలం, ఎంజీ అంటే వస్తువు బరువు (ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం జీ), మ్యూ అంటే ఘర్షణ గుణకం. కింద అందరూ దండాలు పెట్టేవాళ్లే, తప్పన్నవాడు ఒక్కడూ లేడు. ఒళ్లు మండిపోయింది.

నేల చదునుగా ఉండి, నిలువుగా ఇంకే బలమూ పడకుండా, నిలువు త్వరణమూ లేకపోతేనే నార్మల్ ఎంజీ అవుతుంది. ఒక్క లెక్క చూడండి. 10 కిలోల పెట్టె నేలమీద జారుతోంది, మ్యూ 0.4, జీ 10. 100 న్యూటన్ల బలం, నేలతో 30 డిగ్రీల కోణం. తాడు కట్టి ఏటవాలుగా పైకి లాగితే అందులో 50 న్యూటన్లు బరువును మోస్తాయి. నార్మల్ 50, ఘర్షణ 20, త్వరణం 6.66. అదే బలంతో వెనకనుంచి కిందికి నొక్కుతూ తోస్తే నార్మల్ 150, ఘర్షణ 60, త్వరణం 2.66. ఆ కాగితం ప్రకారం రెండిటికీ 4.66! ఇంట్లో బీరువా జరిపిన ఎవరినడిగినా చెబుతారు, రెండూ ఒకటి కాదని.

ఘర్షణ సంగతి ఇంకా ఘోరం. కదలని 10 కిలోల పెట్టె, స్థైతిక మ్యూ (కదలకముందు వర్తించేది) 0.5, అడ్డంగా 20 న్యూటన్లతో తోశారు. పిల్లలు ఘర్షణ 50 అని రాసేస్తున్నారు. అదే నిజమైతే పెట్టె తోసినవాడి మీదకే రావాలి కదా! 50 అనేది గరిష్ఠ హద్దు. అక్కడ ఉన్నది 20 మాత్రమే.

లిఫ్ట్ లెక్కలోనూ ‘పైకి వెళ్తే కలపాలి’ అని, అంటే బరువుకు ఎంఏ (ద్రవ్యరాశి × త్వరణం) కలపాలని రాశారు. మెట్రో స్టేషన్ లిఫ్ట్ పైకి వెళ్తూ ఆగబోతున్నప్పుడు త్వరణం కిందికి ఉంటుంది. వేగం తగ్గే రేటు 2 అయితే 60 కిలోల మనిషికి కింద బరువు మిషన్ చూపేది 480 న్యూటన్లు, 720 కాదు. చూడాల్సింది త్వరణం ఎటుందో, లిఫ్ట్ ఎటు పోతోందో కాదు.

అసలు జబ్బు ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయకపోవడం. వస్తువును విడిగా గీయండి. బరువు కిందికి వేయండి. దాన్ని తాకే ప్రతిదానికీ, తాడైనా, నేలైనా, చెయ్యైనా, బాణాలు వేయండి. ఎంఏ కోసం వేరే బాణం వద్దు, అది బలం కాదు. ఒక అక్షం త్వరణం వెంట పెట్టుకుని, రెండు దిశలకూ సమీకరణాలు రాశాకే అంకెలు వేయండి. వాలుతలం మీద నార్మల్ ఎంజీ కాస్ తీటా అని బట్టీ పట్టకుండానే వస్తుంది.

టైమ్ లేదంటారు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, నిజమే. ఏళ్లుగా నా కోపం కూడా ఆ పరుగు మీదే! ఆ పరుగును సాకుగా చూపే పిల్లలతో బొమ్మ గీయడం మానిపించారు, లాబ్‌లో కప్పీకి తాడు కట్టడం మానిపించారు. 3 కిలోలు, 2 కిలోలు కప్పీకి వేలాడదీస్తే తాడులో టెన్షన్ 30 అని ఒకడు, 20 అని ఇంకొకడు. రెండు బొమ్మలు గీస్తే 24 అని తేలిపోయే లెక్క అది. దయచేసి ఆ కాగితం ఇంకెవరికీ పంపకండి.