పైవాళ్లు ఇస్తేనే ఇస్తామనే షరతును రద్దు చేయాలి

"పై నుంచి బిల్లు రాలేదు, వచ్చాక ఇస్తా" అని కాంట్రాక్టర్ తన కింది సబ్‌కాంట్రాక్టర్‌కు చెప్పే మాట చట్టం ముందు చెల్లకూడదు. సముద్రంలో చమురు ప్లాట్‌ఫామ్ కట్టినా, ఒడ్డున రిఫైనరీ కట్టినా, దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంట్ లాంటిది కట్టినా వరస ఒకటే. పెద్ద కంపెనీ మొత్తం పని తీసుకుని పైపింగ్ ఒకరికి, స్కాఫోల్డింగ్ (ఎత్తులో పనికి కట్టే పరంజా) ఒకరికి, ఇన్సులేషన్ మరొకరికి పంచుతుంది. వాళ్ల కింద లేబర్ సప్లై వాళ్లు, ఆ కింద మేస్త్రీలు. దిగే కొద్దీ రేటు తగ్గుతుంది, నష్టం వస్తే భరించాల్సిన బాధ్యత మాత్రం పెరుగుతుంది.

పైపింగ్ సబ్‌కాంట్రాక్టర్‌నే చూడండి. రేటు ఇంచ్ డయా లెక్కన, అంటే జాయింట్ దగ్గర పైపు వ్యాసం ఎన్ని అంగుళాలో దాన్ని బట్టి. జాయింట్ వెల్డింగ్ అయిపోగానే డబ్బు రాదు, ఎక్స్‌రే క్లియర్ కావాలి, హైడ్రోటెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) అవ్వాలి, కన్సల్టెంట్ సంతకం పడాలి, ఆ తర్వాత కూడా పని సాగేకొద్దీ విడతగా పెట్టే ప్రతి ఆర్ఏ బిల్లులో కొంత రిటెన్షన్ కింద, అంటే పూచీగా, పట్టుకుంటారు. డ్రాయింగ్ మారినా, వాల్వులు సైట్‌కు రాకపోయినా, తుఫాను వల్ల పని ఆగినా మనుషుల తిండి, గది అద్దె ఆగవు కదా. ఆ ఖాళీ రోజుల ఖర్చు అడిగితే అగ్రిమెంట్‌లో ముందే రాయించుకున్న షరతు చూపిస్తారు: మాకొస్తేనే మీకు. తను ఏనాడూ చూడని పై కాంట్రాక్టులోని గొడవకు వడ్డీకి తెచ్చిన డబ్బుతో చిన్నవాడు పూచీ పడుతున్నాడు!

సింగపూర్ 2004 చట్టంతో ఈ షరతును చెల్లకుండా చేసింది. బ్రిటన్ 1996లోనే చేసింది గానీ చమురు, గ్యాస్ వెలికితీతనూ, విద్యుత్ ప్లాంట్లలో యంత్రాల బిగింపునూ ఆ చట్టం నుంచి తప్పించింది. ఎనర్జీ రంగానికి అక్కడా మినహాయింపే. మన దగ్గర 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం, కాంట్రాక్టర్ ఎగ్గొడితే జీతం అసలు యజమానే ఇవ్వాలని చెప్పింది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ మాట ఉంది, కానీ 20 మంది కాంట్రాక్ట్ కార్మికుల దగ్గర మొదలయ్యే వర్తింపును 50కి పెంచారు. నలభై మందితో తిరిగే మేస్త్రీ ఇప్పుడు లెక్కలోకే రాడు.

డబ్బు దగ్గరే కాదు, ప్రాణం పోయినప్పుడూ ఇంతే. 2021 మేలో తౌక్టే తుఫానుకు ముంబై తీరానికి అవతల కార్మికులు ఉండే పీ-305 బార్జ్ (చదునైన పెద్ద పడవ) మునిగింది. అందులో ఉన్న 261 మందిలో 70 మందికి పైగా పోయారు. పని ఓఎన్‌జీసీది, కాంట్రాక్టర్ వేరు, బార్జ్ యజమాని వేరు. తుఫాను హెచ్చరిక వచ్చాక కూడా బార్జ్‌ను అక్కడే ఉంచింది ఎవరన్న దాని మీద ఒకరి మీద ఒకరు తోసుకున్నారు.

ఒకే కంపెనీ అన్ని పనులూ చేయలేదంటారు. నిజమే, ఎన్‌డీటీకి (వెల్డింగ్‌ను పాడుచేయకుండా లోపాలు చూసే పరీక్షకు), భారీ క్రేన్లకు నిపుణులు వేరే ఉండాల్సిందే. కానీ యంత్రం గానీ నైపుణ్యం గానీ తేకుండా మనుషుల్ని లెక్కపెట్టి కమీషన్ తీసుకునే అంచె ఎందుకు?

కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు గల్ఫ్‌లో ఇదే వరసలో అట్టడుగున ఉన్నారని మనం కోపగించుకుంటాం. అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, మంచిదే. మరి నల్లగొండ జిల్లాలో పనికొచ్చిన ఝార్ఖండ్ ఫిట్టర్ మన దగ్గర ఏ అంచెలో ఉన్నాడు? హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని డిజైన్లు గీసే ఇంజినీర్లు, టెండర్లు రాసే అధికారులు ఈ ప్రశ్న అడగాలి. రెండంచెలకు మించి పని కిందికి ఇవ్వకూడదనీ, కార్మికుడి జీతం నేరుగా అతని ఖాతాలో పడ్డ రుజువు లేకుండా పెద్ద కంపెనీ బిల్లు పాస్ కాకూడదనీ రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో తన తర్వాతి టెండర్‌లోనే రాయొచ్చు. దానికి అసెంబ్లీ దాకా వెళ్లక్కర్లేదు.