తక్కువ మార్కులొస్తే పాసయ్యే పరీక్ష

తెలుగునాట తక్కువ మార్కులొచ్చినందుకు ఇంట్లో పండగ చేసుకునే పరీక్ష ఒక్కటే ఉంది. అది షుగర్ పరీక్ష. డాక్టరు చీటీ మీద ఎఫ్‌బీఎస్ (పరగడుపు షుగరు), పీపీబీఎస్ (తిన్నాక షుగరు), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు) అని మూడు పేపర్లు రాసిచ్చిన దగ్గర్నుంచి ల్యాబులో సూది దిగేదాకా నడిచే కాలానికి మన పంచాంగకర్తలు పేరు పెట్టకపోవడం పెద్ద లోటు. రాహుకాలమైతే గంటన్నరలో పోతుంది. ఇది అలా పోయేది కాదు. చీటీ పర్సులో నలిగి మడతల దగ్గర చిరిగేదాకా, 'ఈ శుక్రవారం పెళ్ళుంది, వచ్చే సోమవారం చూద్దాం' అంటూ సాగుతూనే ఉంటుంది.

ఈ కాలంలో అభ్యర్థి (ఫలితాలు రాకుండా రోగి అనడం తొందరపాటు) తన పేపరు తానే దిద్దుకోవడం మొదలుపెడతాడు. రాత్రి రెండుసార్లు లేస్తే షుగరే. పడుకోబోయే ముందు చెంబుడు మజ్జిగ తాగిన సంగతి లెక్కలోకి రాదు. కాలు తిమ్మిరెక్కితే షుగరే. ఆ కాలు గంటసేపు మఠం వేసుకున్న కాలైనా సరే. ఆ తర్వాత బాత్రూములో చీమల గణన. దీన్ని మూఢనమ్మకం అనడానికి వీల్లేదు. మూత్రానికి చీమలు చేరడం గమనించి మధుమేహం అన్నవాళ్ళు మన పాత వైద్యులే. చిక్కల్లా ఒకటే: రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే గానీ మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. పరగడుపున 150 ఉన్నవాడు షుగరని తేల్చే 126 గీత ఎప్పుడో దాటేశాడు, కానీ చీమల బోర్డు మాత్రం అతన్ని ఫస్టు క్లాసులో పాస్ చేసేస్తుంది. చీమలు నిజంగానే బారులు తీరాయంటే రిపోర్టు అప్పటికే చాలా లేటు.

ఒక్క విషయంలో వేళాకోళం వద్దు. విపరీతమైన దాహం, బరువు దిగిపోవడం ఉండి, పైన వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత కూడా కనిపిస్తే సోమవారం దాకా ఆగకూడదు. ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి.

లేదంటే, ఊరికే భయపడే బదులు లెక్కగా భయపడదలచినవాళ్ళకి ఒక టేపు చాలు. చెన్నై పరిశోధకులు 2005లో భారతీయుల కోసం ఒక స్కోరు తయారుచేశారు. అందులో ఫుల్ మార్కులు ఇలా పడతాయి. వయసు 50 లేదా ఆపైన ఉంటే 30. నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 100 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 90 ఉంటే 20. వ్యాయామమూ లేక, ఒళ్ళు అలిసే పనీ లేకపోతే 30. తల్లిదండ్రులిద్దరికీ షుగరుంటే 20. మొత్తం 60 లేదా ఆపైన వస్తే ముప్పు ఎక్కువని అర్థం. శ్రద్ధగా బతికినవాడికి నూటికి నూరూ వస్తాయి. కార్పొరేట్ కాలేజీ అయితే హోర్డింగు మీద ఫొటో వేసేది. కొలిచేటప్పుడు ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోకూడదు. మనవాళ్ళ ప్యాంటు ముప్పై ఏళ్ళుగా 34 దగ్గరే ఉంటుంది, బొజ్జే దాన్ని దాటి ముందుకొస్తుంది. టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక. బిగబట్టి కాదు.

ఇక ప్రిపరేషన్. మన విద్యావ్యవస్థ నేర్పిన గొప్ప విద్య ఆఖరి వారంలో రుబ్బడం. ఆ ప్రకారం సోమవారం పరీక్ష అంటే ముందు బుధవారం నుంచి ఇంట్లో అన్నం బంద్. పొద్దున కాకరకాయ రసం, మధ్యాహ్నం నేరేడు గింజల పొడి, రాత్రి నానబెట్టిన మెంతులు. కాఫీలో పంచదార మానేసి బెల్లం. బెల్లంలోనూ అధికభాగం చక్కెరేనని, మారింది రంగేనని చెప్పినవాడు ఇంటికి శత్రువవుతాడు. కొందరు షుగర్ రైస్ పేరుతో దొరికే తెలంగాణ సోనా తెచ్చి, ఆ పేరు మీద గౌరవంతో ఒక కప్పుకి బదులు మూడు కప్పులు లాగిస్తారు.

ఈ రుబ్బుడుకి సిలబస్ వేరు. హెచ్‌బీఏ1సీ అనేది పరీక్ష కాదు, హాజరు పట్టీ. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు. ఆ రోజుల్లో దానికి అంటుకున్న గ్లూకోజునే ఈ పేపరు లెక్కపెడుతుంది. సంక్రాంతికి తిన్న అరిసెలు మార్చిలో కూడా హాజరు వేయించుకుంటాయి. నాలుగు రోజుల కాకర రసానికి దాన్ని చెరిపే శక్తి లేదు. గ్లూకోజు నీళ్ళు తాగించి చేసే పరీక్షలోనైతే ఈ ఉపవాస దీక్ష ఎదురు తిరుగుతుంది. దానికి ముందు మూడు రోజులు మామూలుగా తినాలి, పిండిపదార్థం రోజుకి కనీసం 150 గ్రాములైనా పడాలి. అన్నం మానేసి వెళ్ళిన ఒంటికి హఠాత్తుగా వచ్చిన గ్లూకోజును సర్దుకోవడం చేతకాక రెండు గంటల అంకె ఎక్కువ చూపించవచ్చు. కష్టపడి చదివి ఫెయిలవడం అంటే ఇదే.

పరగడుపు అంటే కనీసం 8 గంటలు. మంచినీళ్ళు తాగొచ్చు. కాఫీ కూడదు. 'కాఫీ పడకుండా నిద్రే లేవలేదు, కాబట్టి లేచాక ఏమీ తీసుకోనట్టే' అనే వాదన ఎంత చక్కగా ఉన్నా ల్యాబు ఒప్పుకోదు.

అసలు మాల్‌ప్రాక్టీసంతా పీపీబీఎస్‌లో జరుగుతుంది. తిన్నాక రెండు గంటలకు రక్తం ఇవ్వాలి. రెండు గంటలంటే చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. రోజూ నాలుగు పూరీలూ కూరా తిని, పైన ఇంకో పెసరట్టు ఉప్మా లాగించే మనిషి ఆ ఒక్క రోజు ల్యాబు ఎదురుగా టిఫిన్ సెంటర్లో రెండు ఇడ్లీలు, అవీ చట్నీ లేకుండా, తపస్సులాగా తింటాడు. నూట ముప్పై వస్తుంది. ఇంటిల్లిపాదికీ ఆనందం. అయితే 200 దాటితే షుగరని గీసిన గీత ఇడ్లీకి గీసింది కాదు. 75 గ్రాముల గ్లూకోజు 250–300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, అయిదు నిమిషాల్లో తాగేసి, రెండు గంటలు కదలకుండా కూర్చున్నవాడి కోసం గీసింది. ఇడ్లీ సైజును ఇంతవరకు ఏ ప్రపంచ ఆరోగ్య సంస్థా నిర్ణయించలేదు.

పరీక్షకి ముందే పేపరు లీక్ చేసే మార్గం కూడా ఉంది: పక్కింటివాళ్ళ గ్లూకోమీటరు. మామిడిపండు తిన్న వేలు కడక్కుండా గుచ్చితే అది మామిడిపండు షుగరు చెబుతుంది. కడిగి, తుడిచి, ఆరనిచ్చి గుచ్చినా, నియమం ప్రకారం అంకె నూరు పైన ఉన్నప్పుడు 15 శాతం అటూ ఇటూ చూపించినా మంచి మీటరే. అంటే అసలు 126 ఉన్నవాడికి 107 చూపించొచ్చు, 145 కూడా చూపించొచ్చు. ఆ పెట్టె షుగరు ఉందని తేలినవాళ్ళు రోజువారీ చూసుకోవడానికి. తేల్చడానికి కాదు.

నిజంగా పాసవ్వాలన్న పట్టుదల ఉంటే సులువైన దారి ఒకటుంది, కాకరకాయ ఖర్చు కూడా ఉండదు. తీసిన రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న ట్యూబులో కాక మామూలు ట్యూబులో పోయించుకుని, శాంపిలు పట్టుకెళ్ళే ల్యాబు కుర్రాడి బైకు మీద మూడు గంటలు ఊరంతా తిప్పించాలి. ట్యూబులోని కణాలు బతికే ఉంటాయి కాబట్టి గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు అవే తినేస్తాయి. పొద్దున 126 ఉన్నది మధ్యాహ్నానికి 105 దగ్గరికి వస్తుంది. బూడిదరంగు మూత కింద సోడియం ఫ్లోరైడు ఉంటుంది, ఆ భోజనాన్ని ఆపడానికే. ఇంటికొచ్చి రక్తం తీసేవాణ్ణి అందరూ అడిగేది 'నొప్పెడుతుందా బాబూ' అని. మూత రంగు చూసేవాళ్ళు తక్కువ.

ఇంత చేసి 118 వస్తే బాబాయి తీర్పిస్తాడు: 'షుగరేం కాదురా, బోర్డర్లో ఉంది.' బోర్డర్ అంటే పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 13.6 కోట్ల మంది బోర్డర్ మీదున్నారు. ఇంతమంది కాపలా ఉన్న సరిహద్దు ప్రపంచంలో ఇంకోటి ఉండదు. అయినా దాటిపోయినవాళ్ళు 10.1 కోట్లు.

126 వస్తే మాత్రం బాబాయి ల్యాబు మారుస్తాడు. ఆశ్చర్యం, ఇందులో అతను సగం రైటు. లక్షణాలేమీ లేనివాడికి ఒక్క అంకె చూసి షుగరని ముద్ర వేయరు. ఇంకో పరీక్ష కూడా గీత దాటాలి. రక్తహీనత ఉన్న ఇల్లాలికి ఐరన్ లోపం వల్లే హెచ్‌బీఏ1సీ ఎక్కువ కనిపించొచ్చు. ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలకి వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి ఆ అంకెను నమ్మడానికే లేదు. ఇవి డాక్టరుకి చెప్పాల్సిన సంగతులు. బాబాయి మాత్రం తక్కువ అంకె వచ్చేదాకా ల్యాబులు మారుస్తూ పోతాడు, వచ్చిన చోట ఆగుతాడు.

రెండు శాంపిళ్ళూ ఇచ్చేశాక రిపోర్టు సాయంత్రం ఆరింటికి అంటారు. ఆరు కొట్టేదాకా చట్టప్రకారం అభ్యర్థికి షుగరు లేదు. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే కదా. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా అందుకే నాలుగింటికి తెరుచుకుంటుంది. బెల్లంవే, పంచదారవి కావు. అయిదూ యాభైకి డబ్బాలో ఇంకా రెండున్నాయి, టైము పది నిమిషాలుంది.