జ్వరాల లెక్కకు గుట్టెందుకు?

చలి ముదిరేసరికి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, నీలోఫర్‌లో ఓపీ వరుసలు పెరగడం హైదరాబాద్ వాసులు ఏటా చూస్తున్నదే. ఏ వైరస్ తిరుగుతోందో, ఏ బస్తీలో ఎక్కువగా ఉందో, ఏ వయసువారికి ప్రాణాల మీదికి తెస్తోందో వారికి సకాలంలో చెప్పే నాథుడు లేడు. అంతా అదుపులోనే ఉందన్న ముక్తసరి ప్రకటనతో సరిపెట్టే ధోరణి ప్రభుత్వ యంత్రాంగంలో పాతుకుపోవడం తీవ్రంగా కలవరపరుస్తోంది.

నిఘా వ్యవస్థే లేదని తప్పించుకోవడానికి వీల్లేదు. సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం 2004లోనే మొదలైంది. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం (క్షేత్రస్థాయి నర్సు) గమనించిన లక్షణాలు, వైద్యుడికి కలిగిన అనుమానం, ప్రయోగశాల నిర్ధారణ వేర్వేరు పత్రాల్లో నమోదై జిల్లా నిఘా విభాగానికి చేరాలి. 2021 నుంచి ఈ తతంగమంతా ఆన్‌లైన్ పోర్టల్‌కు మారింది. జ్వరం, దగ్గుతో వచ్చినవారెందరు, వారిలో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినవారెందరు అన్న రెండు లెక్కలను వారం వారం పోల్చి చూసినా వ్యాధి ఉద్ధృతి ముందే పసిగట్టవచ్చు. అయితే నగరంలో జ్వరం తగిలిన చాలామంది ముందుగా వెళ్లేది వీధి చివరి క్లినిక్‌కో, మెడికల్ షాపుకో. పడకలు దొరికే ప్రైవేటు ఆసుపత్రులు సైతం కేసులను సక్రమంగా నమోదు చేయకపోతే, పోర్టల్‌లోని అంకె ఎంత కచ్చితంగా కనిపించినా అది సగం నిజమే. ఆ సగం నిజాన్నీ ఫైళ్లలో దాచుకుంటే ఇక నిఘా ఎవరి కోసం?

వివరాలు బయటపెడితే జనం బెంబేలెత్తి ఆసుపత్రులకు పరుగులు తీస్తారన్న వాదన ఒకటుంది. భయం పుట్టేది చెప్పినందువల్ల కాదు, దాచినందువల్ల. 2020లో కరోనా బులెటిన్లలో వివరాలు కొరవడ్డాయని రాష్ట్ర హైకోర్టు పదేపదే మందలించింది. అదే ఏడాది నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి నమూనాలను పరీక్షించి, అధికారిక లెక్కలకు ఎన్నో రెట్లు మించి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. బులెటిన్ చెప్పని నిజాన్ని మురుగునీరు చెప్పింది!

దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో నిర్ధారణ అయింది ఈ నగరంలోనే. 2015 ఆరంభంలో, సరిగ్గా ఇలాంటి చలిరోజుల్లోనే, అదే వ్యాధి తెలంగాణను వణికించింది. ఇన్ని చూసిన రాజధానిలో ఇంకా గోప్యతే విధానమైతే, రేపు కొత్త వైరస్ వచ్చినప్పుడు కూడా ఇదే ఆనవాయితీ అవుతుంది. ఇవాళ దాచడం అలవాటైన యంత్రాంగం ఆనాడు ఒక్కసారిగా నోరు విప్పుతుందని ఎలా నమ్మాలి?

ఎన్ని పరీక్షలు చేశారు, ఎన్నింటిలో వైరస్ బయటపడింది, ఎందరు చేరారు, ఎందరు మరణించారు అన్న వివరాలతో జిల్లాలవారీగా, నగరంలో సర్కిళ్లవారీగా ప్రతి వారం బులెటిన్ వెలువడాలి. ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబుల నమోదును తప్పనిసరి చేసి, ఎగ్గొట్టినవారిపై చర్యలు తీసుకోవాలి. గర్భిణులు, వృద్ధులు, మధుమేహులు ఫ్లూ టీకా వేయించుకోవాలో లేదో వైద్యులను సంప్రదించి తేల్చుకోవడానికైనా ఈ సమాచారం అవసరం. ప్రజల పన్నులతో, ప్రజల గొంతులోంచి తీసిన నమూనాలతో తయారయ్యే లెక్కను ఆ ప్రజలకే ఇవ్వనని భీష్మించుకునే అధికారం ఏ అధికారికీ లేదు. వచ్చే వారం నుంచే బులెటిన్ విడుదల చేయడానికి అడ్డేమిటో ఆరోగ్యశాఖ మంత్రి సూటిగా జవాబు చెప్పాలి.