నడిచొచ్చిన మానుగారికి ఒక మనవి

సిచువాన్, చైనా, 1557

మహారాజశ్రీ దివ్యవృక్షం గారి సముఖమునకు, దుంగలు లాగే కూలీ రాయునది.

బీజింగ్‌లో చక్రవర్తిగారి కోటలోని మూడు మహా కొలువుకూటాలూ మళ్లీ కాలిపోయాయండీ. 1421లోనూ ఇంతే, గృహప్రవేశమై నిండా నాలుగు నెలలు కాకుండానే బూడిదయ్యాయి. పిడుగు పడేది చక్రవర్తిగారింటి మీద, తాడు పడేది మా భుజాల మీద. పెద్ద మానులు పంపమని మాకూ, మా పక్క రాష్ట్రాలు హూగ్వాంగ్‌కూ, గ్వేజోకూ తాఖీదులు వచ్చేశాయి.

అయినా మీ చరిత్ర ఉందిగా, మాకేం భయం! 1406లో సాంగ్ లీ మంత్రిగారు కలప కోసం వస్తే, మీరు ఒక్క రాత్రిలో ఉరుములాంటి చప్పుడుతో లోయ దాటి, మీకై మీరే ఏటి ఒడ్డుకు వచ్చేశారట. దారిలో గడ్డిపోచ కూడా వంగలేదట. యోంగ్లె చక్రవర్తి మురిసిపోయి మీ కొండకు పేరు పెట్టి, గుడి కూడా కట్టించారు.

గడ్డి వంగలేదు సరే. లాగినవాళ్ల నడుముల సంగతో?

మా వంతుకొచ్చిన నాన్‌ము మానులకు (కోట స్తంభాలకు వాడే పెద్ద చెట్లు లెండి) ఎందుకో నడక రాదండీ. లోయ అడ్డొస్తే కొయ్యలతో వంతెన కట్టాలి. వెదురు తాడు ఒరుసుకుని భుజం మీద తోలు లేచిపోతుంది. వాగు దాకా ఈడ్చాక వరద కోసం కూర్చోవాలి, రాలేదా, మరుసటేడే. తర్వాత తెప్ప కట్టి యాంగ్సీ నది మీదుగా మహాకాలువ పట్టి బీజింగ్ చేరేసరికి మూడు నాలుగేళ్లు. అసలు నరికాక లోపల డొల్ల అని తేలితే గుమాస్తాగారు పెదవి విరుస్తారు, మేం మళ్లీ కొండెక్కుతాం.

"కొండెక్కేది వెయ్యిమంది, దిగేది ఐదొందలు" అని మా వైపు మాట. ఆ దిగనివాళ్లు ఏ దస్తరంలో ఉన్నారండీ? మాను దానంతటదే నడిచిందని రాసేస్తే కూలి అడిగేవాడుండడు, శవాల లెక్క చెప్పక్కర్లేదు. దీన్ని మహిమ అంటారా? మా ఊళ్లో దీన్ని ఎగ్గొట్టడం అంటారు! చచ్చింది మావాళ్లు, గుడి మీకు!

మీ మీద కోపం కాదులెండి. గొడ్డలి పడగానే గుప్పుమనే ఆ వాసనకి నాకూ చెయ్యి ఆగుతుంది. పాపం, బీజింగ్ చూస్తానని మీరేం అడగలేదు.

రేపు తెల్లారగానే తాళ్లు బిగిస్తారు. మీ వాళ్లలో నిజంగా నడిచేవారెవరైనా ఉంటే ఈ రాత్రే బయల్దేరమనండి. గడ్డి ఎంత తొక్కినా ఫర్వాలేదు.

ఇట్లు,
తాడు పట్టినవాడు